లండన్ వార్తలు లేని బుధవారం

చిత్తూరు పోలీసు స్టేషనులో 1985 ఆగస్టు 8వ తేదీ గురువారం పగలు పదకొండున్నరకు రాయడం మొదలుపెట్టిన వాంగ్మూలం. రాసినవారు హెడ్ కానిస్టేబులు ఎల్లప్ప.

నా పేరు పంకజాక్షి. నా భర్త సుదర్శనం గారు హైస్కూలులో ఇంగ్లీషు మాస్టరు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. నా వయస్సు అరవై. పుట్టింది తిరుపతిలో, ముప్పై ఆరేళ్లుగా ఉంటున్నది చిత్తూరులో. టెలిఫోను ఎక్స్ఛేంజీలో ట్రంకు కాల్ ఆపరేటరుగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి, రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. వృత్తి అన్న చోట ఎల్లప్ప గారు "ఇంటి పని" అని రాశారు. కొట్టేయించాను. ఇప్పుడు నా వృత్తి నల్లబల్ల మీద వార్తలు రాయడం. జీతం లేనిది వృత్తి ఎట్లా అవుతుందని ఎల్లప్ప గారు అడిగారు. ఒక్కరోజు మానేస్తే నలభై మంది వచ్చి ఏమైందని అడిగేది వృత్తి కాక మరేమిటని నేను అడిగాను. సబ్‌ఇన్‌స్పెక్టరు గారు నా మాటే రాయమన్నారు.

నా మీద పిటిషను ఇచ్చినవారు బస్సు యజమాని మునిరామయ్య గారు. నేను ఆయన బస్సు గురించి బల్ల మీద అబద్ధం రాశాననీ, కత్తులు పట్టుకున్న ఆడవాళ్లను రోడ్డు మీద పోగేశాననీ, ఆయన మనుషుల్లో ఎవరో నాకు ఇంటి గుట్టు మోశారనీ, ఆ పేరు నా చేత చెప్పించాలనీ అందులో ఉంది. పిటిషను నాకు చదివి వినిపించారు. రెండోసారి కూడా చదివించుకున్నాను. ట్రంకు కాల్ పనిలో ఏ మాటనైనా తిరిగి చెప్పించుకోకుండా ముందుకు పంపము. ఆ అలవాటు పోలేదు.

మా తమ్ముడు వెంకటరమణకు కాణిపాకం పోయే రోడ్డు మొదట్లో రేడియో రిపేరు అంగడి ఉంది. అంగడికి మూడు మెట్లు. మెట్ల పక్కన గోడకు నల్లబల్ల. అది మా ఆయన బల్ల. స్కూలుకు కొత్తవి వచ్చినప్పుడు పాతదాన్ని అడిగి ఇంటికి తెచ్చుకున్నారు. ఎడమవైపు కింది మూల విరిగి ఉంటుంది. ఈ వివరం ఎందుకని ఎల్లప్ప గారు అడిగారు. బల్ల నిన్న మధ్యాహ్నం పన్నెండు నుంచి మీ స్వాధీనంలో ఉంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకో మూల విరిగి ఉంటే నాకు తెలియాలి కదా, అందుకు.

రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు లండన్ రేడియో, అంటే బీబీసీ, ఇంగ్లీషులో వార్తలు చెబుతుంది. మా తమ్ముడు బాగుచేసిన వాటిలో ఏది బాగా పలికితే ఆ రేడియో పెట్టుకుని వింటాను. విన్నదాంట్లో ఐదారు ముక్కలు తెలుగులో బల్ల మీద రాస్తాను. రిటైరైన మర్నాడే మొదలుపెట్టాను. ముప్పై నాలుగేళ్లు ఊళ్లూ ఊళ్లూ మాట్లాడుకుంటుంటే మధ్యలో కూర్చున్న మనిషిని, ఇంట్లో కుక్కరు ఈల ఒక్కటే వినమంటే నావల్ల కాలేదు.

ఎనిమిదిన్నరకు మెట్ల మీద జనం ఉంటారు. ఎక్కువమంది ఆడవాళ్లు. ఊరికి ఏడు మైళ్ల అవతల ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పని వాళ్లది. మొత్తం ముప్పై ఎనిమిది మంది. వాళ్లను తీసుకుపోవడానికి మునిరామయ్య గారు ఫ్యాక్టరీతో కాంట్రాక్టు కుదుర్చుకుని బస్సు నడుపుతున్నారు. బస్సు తొమ్మిదికి మా అంగడి ముందు ఆగుతుంది. ఆగుతుంది అన్న మాట ఎంతవరకు నిజమో కింద చెబుతాను. బస్సు వచ్చేదాకా వాళ్లు బల్ల చదువుతారు, చదవడం రానివాళ్లకు వచ్చినవాళ్లు చెబుతారు. వాళ్లకు పెద్దదిక్కు వరదమ్మ. ఆ బల్ల చూసే అక్షరాలు నేర్చుకుంది, ఇప్పుడు నా గుణింతాలు తప్పుపడుతుంది.

లండన్ సంగతులు వాళ్లకు కొట్టినపిండి. అక్కడి బొగ్గు గనుల సమ్మె ఏడాది సాగితే, ఏడాదీ రోజూ అడిగారు, ఆ గనులవాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలిగిందా అని. అక్కడి పత్రికల యజమానులకూ అచ్చు పనివాళ్లకూ పడటం లేదనీ, బీబీసీకి డబ్బు చాలక ప్రకటనలు వేసుకోవాలా వద్దా అని తగువు పడుతున్నారనీ రాసినప్పుడు కూడా వాళ్లకు బాధేసింది. "పాపం, వోళ్లకీ గడవడం ల్యా" అంది వరదమ్మ. అంత దూరం వాళ్ల మీద అంత జాలి చూసి నేను పొంగిపోయాను. మా మెట్ల ముందు ఆగే బస్సు సంగతి మాత్రం ఒక్కనాడూ రాయలేదు.

ఇప్పుడు దిమ్మ సంగతి. మునిరామయ్య గారి బస్సు ఆగాల్సిన చోటికి ఇరవై గజాల ముందే క్లీనరు చేతిలో కొయ్య దిమ్మతో కిందికి దూకుతాడు. బస్సు వెంట పరుగెత్తి, దిమ్మను వెనక చక్రం ముందు వేస్తాడు. అప్పుడు బస్సు ఆగుతుంది. మెట్ల మీద బస్సు కోసం చూస్తున్న ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో "దిమ్మోయ్ దిమ్మ!" అని అరుస్తారు. అదొక పండగ వాళ్లకు. వాళ్లలో చాలామంది జీవితంలో రోజూ ఎక్కింది ఈ ఒక్క బస్సే. దిమ్మ వేయకపోతే ఏ బస్సూ ఆగదనీ, అన్ని బస్సులకూ ఒక దిమ్మ మనిషి ఉంటాడనీ వాళ్లు అనుకున్నారు. నేనూ ఆ అరుపు విని రోజూ నవ్వుకున్నాను. ఈ రెండేళ్లలో నేను చేసిన పెద్ద తప్పు అదే. వినడమే నా పని, విని నవ్వుకుని ఊరుకున్నాను.

ఆగస్టు 4వ తేదీ ఆదివారం ఉదయం పది గంటలకు ఒక మనిషి మా ఇంటికి వచ్చింది, లేక వచ్చాడు. ఆ మనిషి నాకు చెప్పింది ఇది. బస్సుకు బ్రేకు పట్టడం లేదు. యజమానికి మూడుసార్లు చెప్పారు. మామిడి సీజను అయ్యాక చూద్దామని ఆయన మూడుసార్లూ అన్నారు. ఫ్యాక్టరీ ముందున్న వంతెన దిగుడులో శనివారం బస్సు దిమ్మను కూడా తోసుకుపోయింది. ఆ రోజు ఎదురుగా ఏమీ రాలేదు కాబట్టి సరిపోయింది. అంతా తిరిగి చెప్పించుకున్నాను. రెండోసారీ మాట మారలేదు. "నా పేరు రానీయొద్దమ్మా" అన్న మాట కూడా రెండుసార్లు వచ్చింది.

నా బల్లకు ఒక నియమం ఉంది. లండన్ వార్త అయితే రేడియోలో నా చెవులతో వినాలి. ఊరి వార్త అయితే స్వయంగా చూసినవాళ్లో విన్నవాళ్లో ఇద్దరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా చెప్పాలి. ఒక్కరే చెప్పారు కాబట్టి ఆగాను. మంగళవారం, 6వ తేదీ, సాయంత్రం నాలుగున్నరకు రెండో మనిషి అంగడికి వచ్చి మూడుసార్లు చెప్పిన సంగతీ, సీజను సంగతీ అవే మాటలతో చెప్పారు. ఆ పేరు నిన్న మీరు అడిగితే చెప్పలేదు. ఈ ఉదయం ఆ మనిషే వచ్చి తన నోటితో చెప్పుకున్నారు కాబట్టి వరుస వచ్చినప్పుడు చెబుతాను.

మంగళవారం సాయంత్రానికి నా దగ్గర ఇద్దరు సాక్షులున్నారు. అయినా రాయలేదు. ఇది కూడా రాసుకోండి. మా తమ్ముడు అంగడికి బాడుగ ఇచ్చేది మునిరామయ్య గారికి. నేను సంగతి చెప్పగానే తమ్ముడి మొహం మాడిపోయింది.

"అక్కా, ఈ అంగడి పోతే నేను యాడికి పోవల్ల? లండన్ సంగతులు రాసుకో. ఎవురికీ నొప్పి ల్యా" అన్నాడు.

సరేనన్నాను. ఆ మాట అంటున్నప్పుడు సిగ్గేసింది. సిగ్గేసినా సరేననే అన్నాను.

7వ తేదీ బుధవారం. ఎనిమిది ఇరవైకి అంగడికి వచ్చాను. తడిగుడ్డతో బల్ల తుడిచాను. పైన "లండన్ వార్తలు" అని, తేదీ రాశాను. ఎనిమిదిన్నరకు రేడియో పెడితే వార్తలు రాలేదు. పాట కూడా కాదు, వట్టి వాయిద్యాలు. రేడియో చెడిందేమోనని ఇంకోటి పెట్టాం. అందులోనూ అదే. మూడోది కూడా పెట్టాం. మూడు రేడియోలూ ఒకటే వాయిద్యం. విలేకరులు పని మానేసినందువల్ల ఈ రోజు వార్తలు లేవని మధ్యలో ఒక గొంతు చెప్పింది. మా తమ్ముడు ఆ గొంతు విని "అబ్బ, రేడియోలు బాగుండాయి" అన్నాడు.

మెట్ల మీద అప్పటికే ముప్పై మంది దాకా చేరారు. నేను బల్ల మీద "ఈ రోజు లేవు. వార్తలు రాసేవాళ్లు సమ్మెలో ఉన్నారు" అని రాశాను.

వరదమ్మ అడిగింది. "ఏందక్కా, వోళ్లకి కూలి చాలలేదా?"

"కూలికి కాదు వరదమ్మా. అక్కడ ఐర్లాండు గొడవల మీద ఒక టీవీ చిత్రం తీసినారు. చూపించొద్దని ప్రభుత్వం అన్నింది. వీళ్ల పెద్దలు సరేనని ఆపేసినారు. బయటివాళ్లు వద్దంటే మనం ఎట్టా ఆపుతామని రాసేవాళ్లంతా ఒకరోజు పని మానుకున్నారు."

"ఒక రోజు కూలి పోతాది గదా?"

"పోతాది."

"ఒక్క చిత్రానికా?"

"ఒక్కదానికే."

వరదమ్మ కాసేపు ఆ వాయిద్యం విన్నది. తర్వాత, "అయితే మంచోళ్లే. మరి ఆ బల్లంతా కాళీగా ఉండాది గదక్కా. మన సంగతులేమీ లేవా రాసేకి?" అంది.

ఆ మాట సూటిగా నాకు తగిలింది. ఆమెకు ఏమీ తెలియదు, ఉత్తినే అడిగింది. ఎక్కడో ఏడు సముద్రాల అవతల, ఒక్క చిత్రం కోసం కూలి పోగొట్టుకున్నారు. నేను ముప్పై ఎనిమిది ప్రాణాల సంగతి చీరకొంగున కట్టుకుని కూర్చున్నాను. సరేనని ఆపినవాళ్లలో నేనూ ఉన్నాను, నన్ను ఆపడానికి ప్రభుత్వం కూడా అక్కర్లేకపోయింది. తమ్ముడి వైపు చూశాను. వాడు నా చేతిలో సుద్దముక్క చూశాడు. తర్వాత లోపలికి పోయి రేడియో చప్పుడు పెంచాడు. వాడు వద్దనలేదు. ఇది వాడి మంచికే చెబుతున్నాను, రాసుకోండి.

నేను రాసిన అక్షరాలు ఇవి. "చిత్తూరు వార్తలు. గుజ్జు ఫ్యాక్టరీ బస్సుకు బ్రేకు సరిగా పట్టడం లేదు. యజమానికి మూడుసార్లు చెప్పారు. సీజను అయ్యాక బాగుచేయిస్తామన్నారు. దిమ్మ అన్ని బస్సులకూ ఉండదు." ఆఖరి మాట వార్త కాదు, నా సొంత మాట. అది బల్ల మీద ఉండకూడదు. ఆ ఒక్క తప్పూ ఒప్పుకుంటున్నాను.

వరదమ్మ పైకి చదివింది. తర్వాత వెనక మెట్టు మీద నుంచి ఒక ముసలామె, "తిరుపతి బస్సుకి కూడా ఉండదా?" అని అడిగింది. ఉండదన్నాను. "మద్రాసు బస్సుకి?" ఉండదన్నాను. "మరి అవి ఎట్టా నిలబడతాయి?" అంది. దాంతో ఒకరు నవ్వారు, ఇద్దరు నవ్వారు, మెట్లన్నీ నవ్వాయి. భయం తెలిసిన నవ్వు అది. ముప్పై ఎనిమిది మంది ఇన్నాళ్లూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని "దిమ్మోయ్" అని పాడుకున్నారని వాళ్లకు అప్పుడు అర్థమైంది. కొందరు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

తొమ్మిదీ నాలుగుకు బస్సు వచ్చింది. క్లీనరు దూకాడు, పరుగెత్తాడు, దిమ్మ వేశాడు. ఎవరూ అరవలేదు. అదే మొదటిసారి. బస్సు మా మెట్లు దాటిపోయి, ఇస్త్రీ బండి దగ్గర నిలబడింది. ఒక్కరూ ఎక్కలేదు.

తొమ్మిదీ ఇరవైకి మునిరామయ్య గారు స్కూటరు మీద వచ్చారు. బల్ల చదివారు.

"పంకజమ్మా, తుడువు దాన్ని" అన్నారు.

"అబద్ధమయితే చెప్పప్పా, ఈ క్షణమే తుడిచేస్తా" అన్నాను.

"నిజమా అబద్ధమా అని కాదు. అంగడి ఎవురిదో తెల్సునా?"

"తెల్సును. బల్ల మాత్రం మా ఆయనది."

ఆయన భుజం మీద తువాలు తీసి తానే తుడిచారు. బస్సు ముక్క ఒక్కటే తుడిచారు. లండన్ ముక్క వదిలేశారు. ఆ తువాలు ఇప్పుడూ ఆయన భుజం మీదే ఉంది, చూడండి, సుద్ద ఇంకా పోలేదు. తుడిచి ఏం లాభం? చదివినవాళ్లు ముప్పై ఎనిమిది మంది అక్కడే కూర్చున్నారు. వరదమ్మ లేచి నిలబడి, తుడిచిన చోటును చూపుడు వేలితో చూపిస్తూ మొత్తం అప్పజెప్పింది, నా సొంత మాటతో సహా. మునిరామయ్య గారు స్కూటరు ఎక్కి నేరుగా ఈ స్టేషనుకు వచ్చారు.

ఇక కత్తుల సంగతి. కత్తులు ఉన్న మాట నిజం. మామిడికాయ గోళ్లతో తెగదు. ఎవరి కత్తి వాళ్లు తెచ్చుకోవాలన్నది ఫ్యాక్టరీ పద్ధతి. రెండో మెట్టు మీద కత్తులన్నీ వరుసగా పెట్టారు. లెక్కపెట్టాను, ముప్పై ఎనిమిది. ఎవరో ఒకామె తన సంచిలో ఉన్న నీలం రకం మామిడికాయలు బయటికి తీసింది. సీజను చివరి కాయలు. కత్తులు వాడింది వాటి మీదే. దారినపోయేవాళ్లకు కూడా ముక్కలు పెట్టారు. ఇస్త్రీ బండి మనిషి తిన్నాడు, బస్సు క్లీనరు తిన్నాడు, బల్ల పట్టుకుపోవడానికి వచ్చిన కానిస్టేబులు కూడా తర్వాత రెండు ముక్కలు తిన్నాడు. ఆయన పేరు అడగొద్దు.

రేడియోలో వాయిద్యం ఆగలేదు. లండన్ వాళ్లు వార్తల చోట అదే వాయిస్తూ పోయారు. కాసేపటికి ముసలామె దానికి తాళం వేయడం మొదలుపెట్టింది. మూడేసి దెబ్బల తాళం. కొత్తగా ఉన్నా పట్టుకున్నారు. పదిమంది లేచి రోడ్డు పక్కన గుండ్రంగా తిరుగుతూ చప్పట్లతో కోలాటం వేశారు. ఎద్దులబండి ఒకటి ఆగింది, సైకిళ్లు ఆగాయి. పిటిషనులో "గుంపు పోగై ట్రాఫికు ఆగింది" అన్నది ఇదే. ఆగిన మాట నిజం. ఆగినవాళ్లలో ఒక్కరూ హారను కొట్టలేదు. నేను కూడా అరవయ్యేళ్ల మోకాళ్లతో రెండు చుట్లు తిరిగాను. మా తమ్ముడు గడప దగ్గర నిలబడి, రేపు అంగడి ఉంటుందో లేదో అనే మనిషి, ఏడుస్తూ నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. మా ఆయన పోయాక నేను అంత సంతోషంగా ఉన్న పొద్దు ఇంకోటి లేదు. ఇది వాంగ్మూలంలో అక్కర్లేదని ఎల్లప్ప గారన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పమన్నది మీరే. ఇది కూడా జరిగింది.

పదిన్నరకు ఫ్యాక్టరీవాళ్లు తమ లారీ పంపారు. ఆడవాళ్లు ఎక్కడానికి కత్తులు తీసుకుని లేచారు. లారీ వాళ్ల ముందు దానంతట అది ఆగింది. "దిమ్మ లేకనే!" అని అందరూ అరిచారు.

ఈ ఉదయం ఎనిమిదిన్నరకు లండన్ వార్తలు మళ్లీ వచ్చాయి. బల్ల లేదు కాబట్టి పై మెట్టు మీద నిలబడి నోటితో చెప్పాను. ఆ చిత్రాన్ని ఎప్పుడు చూపిస్తారో నాకు ఇంకా తెలియలేదు. పది గంటలకు మీరు పిలిస్తే స్టేషనుకు వచ్చాను.

పదీ పావుకు జరిగింది మీకే తెలుసు, అయినా వరుసలో ఉండాలి కాబట్టి చెబుతున్నాను. బ్రేకు భేషుగ్గా ఉందనీ, కావాలంటే తానే నడిపి చూపిస్తాననీ మునిరామయ్య గారన్నారు. సబ్‌ఇన్‌స్పెక్టరు గారు ముందు సీట్లో, ఎల్లప్ప గారు తలుపు దగ్గర కూర్చున్నారు. బస్సు వీధి చివరిదాకా పోయి తిరిగి వచ్చింది. స్టేషను ముందు ఆగాలి. మునిరామయ్య గారు తొక్కుతూనే ఉన్నారు. క్లీనరు బయట టీ తాగుతున్నాడు, దిమ్మ అతని కాళ్ల దగ్గరుంది. బస్సు నన్ను దాటిపోతుంటే లోపలి నుంచి సబ్‌ఇన్‌స్పెక్టరు గారి గొంతు స్పష్టంగా వినిపించింది. "దిమ్మ! రేయ్, దిమ్మ!" అని ఆయన అరిచారు. బస్సు కాంపౌండు గోడ కోసం పోసిన ఇసుక కుప్ప ఎక్కి నిలబడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఎల్లప్ప గారి టోపీ ఇసుకలో దొరికింది. ఈ వాక్యం తీసేస్తే బాగుంటుందని ఎల్లప్ప గారన్నారు. సబ్‌ఇన్‌స్పెక్టరు గారు మంచినీళ్లు తాగి, ఉండనీ అన్నారు.

పది నలభైకి రిక్షాలో ఒక పెద్దావిడ దిగారు. మునిరామయ్య గారి తల్లి చంద్రకాంతమ్మ గారు. డెబ్బై ఎనిమిదేళ్లు. ప్రతి మంగళవారం కొడుకు బస్సులోనే కాణిపాకం వినాయకుడి గుడికి పోతారు. ఇసుక మీద ఉన్న బస్సును చూశారు, కొడుకును చూశారు, లోపలికి వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"ఎస్సయ్య గారూ, ఈ పంకజానికి చెప్పింది నేను" అన్నారు.

మునిరామయ్య గారు లేచి నిలబడ్డారు. "అమ్మా, నువ్వు ఊరుకో. ఇంటికి పో."

"యాడికి పోయేది? మూడుసార్లు వోళ్లు నీకు చెప్తా ఉంటే నేను వాకిట్లోనే కూర్చోని ఉండా. మూడుసార్లూ సీజను అయినాక అంటివి. నేను చెప్తే నీ చెవికెక్కలా. బల్ల మీద పడితేనన్నా ఎక్కుతాదని ఈ యమ్మతో చెప్పినాను. మొన్న మంగళవారం కాణిపాకం కాడ ఏమైందో తెల్సునా నీకు? బస్సు ఆగలా, నేనే దిగినాను. కండక్టరు నన్ను గుమ్మడికాయ మాదిరి పట్టుకున్నాడు."

నవ్వకూడదని అందరం ప్రయత్నించాం. ముందు నవ్వింది మునిరామయ్య గారే. తల వంచుకుని, భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకున్నాం. తర్వాత నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "నీకు దెబ్బ తగిలుంటే ఎట్టమ్మా" అన్నారు. "నాకు కాదురా, ఆ పిల్లోళ్ల తల్లులు ముప్పై ఎనిమిది మందికి" అన్నారు ఆవిడ. ఆయన సుద్ద అంటిన తువాలుతోనే మొహం తుడుచుకున్నారు. మొహమంతా తెల్లగా అయింది.

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. అంగడి కాగితాల్లో ఉన్నది మునిరామయ్య గారి పేరు కాదు, తన పేరని. "వెంకటరమణ యాడికీ పోడు. రేడియో ఆడనే ఉంటాది. బల్ల ఆడనే ఉంటాది" అన్నారు. మా తమ్ముడికి ఈ సంగతి ఇంకా తెలియదు. ఈ సంతకం అయిపోతే పోయి చెప్పాలి. అందుకే కొంచెం త్వరగా రాయమని ఎల్లప్ప గారిని కోరుతున్నాను.

బ్రేకులు బాగుచేయించి, తనిఖీ అయ్యేదాకా బస్సు రోడ్డెక్కించనని మునిరామయ్య గారు రాసిచ్చారు. పిటిషను కూడా వెనక్కి తీసుకున్నారు. కానీ ఆదివారం నాకు మొదట చెప్పిన మనిషి ఎవరో మాత్రం చెప్పమని పట్టుబట్టారు. కోపం లేదనీ, ఊరికే తెలుసుకోవాలనీ అన్నారు. సబ్‌ఇన్‌స్పెక్టరు గారు కూడా, ఫైలులో ఆ గడి నింపాలి కదమ్మా అన్నారు.

చెప్పను. ఈ రోజు కోపం లేకపోవచ్చు. సీజను అయ్యాక రావచ్చు. ఆ బస్సు మీద బతికేవాళ్లు డ్రైవరు నుంచి టీ అంగడివాళ్ల దాకా ఎంతో మంది ఉన్నారు, వాళ్లలో ఒకరా, వాళ్లెవరూ కాదా అన్నది కూడా చెప్పను. ముప్పై నాలుగేళ్లు ఈ ఊరి మాటలన్నీ నా చెవుల్లోంచి పోయాయి. పెళ్లిళ్లు కుదరడం విన్నాను, చెడటం విన్నాను. ఒక చెవిలోది ఇంకో మనిషికి చేరలేదు. ఆ పేరు కోసం నన్ను లోపల పెట్టినా సరే, రేడియో ఒకటి ఇప్పించండి చాలు.

అప్పుడు సబ్‌ఇన్‌స్పెక్టరు గారు, మరి ఆ గడిలో ఏం రాయాలో మీరే చెప్పండి అన్నారు. ఏమీ రాయొద్దన్నాను. నిన్న లండన్ వాళ్లు వార్త ఉండాల్సిన చోటు ఎట్లా వదిలారో అట్లాగే వదలండి అన్నాను. ఎల్లప్ప గారు కలం పైకెత్తి ఆయన వైపు చూశారు. ఆయన తల ఊపారు. ఎల్లప్ప గారు ఒక గీత ఖాళీగా వదిలారు. వదిలినంతసేపూ నిన్నటి వాయిద్యాన్ని ఈల వేశారు. నిన్న బల్ల కోసం వచ్చి మామిడి ముక్కలు తిన్నది ఎవరో నేనింకా చెప్పలేదు.

మొదట చెప్పినవారి పేరు:

 

బల్ల నాకు తిరిగి ఇచ్చారు. మూడు మూలలు బాగున్నాయి, ఒకటి ముందు నుంచే విరిగి ఉంది.

పైదంతా ఎల్లప్ప గారు నాకు చదివి వినిపించారు, నేను రెండోసారి కూడా చదివించుకున్నాను. ఒకరి బలవంతం లేకుండా, నా ఇష్టంతో, జరిగింది జరిగినట్టు చెప్పాను. రాసిన ప్రతి గీతా నేను చెప్పిందే, నిజం. రాయకుండా వదిలిన గీత కూడా నేను చెప్పిందే.

సం. పంకజాక్షి
8-8-1985, పగలు ఒంటిగంటా పది నిమిషాలు

సాక్షి: చంద్రకాంతమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర